లే మాన్స్ 2016: ఫోర్డ్ గెలిచిందా, గెలిపించారా?

మలక్‌పేట వాసి

నిన్న ఇంకో చర్చలో ఒకాయన "2016 లే మాన్స్‌లో ఫోర్డ్ గెలుపు ముందే రాసిపెట్టిందే" అన్నారు. అక్కడ మాట పక్కదారి పట్టింది కాబట్టి విడిగా పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం జరిగింది చెప్తాను. ఆ ఏడాది జూన్ 18, 19 తేదీల్లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్‌లో 24 గంటల కార్ల రేసు. జీటీఈ ప్రో క్లాసులో, అంటే రోడ్డు మీద అమ్మే స్పోర్ట్స్ కార్లను రేసుకు మార్చి నడిపే క్లాసులో, 68వ నంబర్ ఫోర్డ్ జీటీ ఫస్ట్ వచ్చింది. నడిపింది సెబాస్టియన్ బూర్డే, జోయీ హ్యాండ్, డర్క్ ముల్లర్. రిసీ కాంపెటిజియోనె టీమ్ తెచ్చిన 82వ నంబర్ ఫెరారీ 488 రెండోది. మూడు, నాలుగు మళ్లీ ఫోర్డ్‌లే. 1966లో ఫోర్డ్ జీటీ40లు మొదటి మూడు స్థానాలూ కొట్టేసి సరిగ్గా యాభై ఏళ్లు. అనుమానం అక్కడే మొదలైంది.

అసలు గొడవ బీఓపీ గురించి, అంటే బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్. వేగంగా ఉన్న కారుకి బరువు కలుపుతారు, టర్బో బూస్ట్ (ఇంజిన్‌లోకి గాలి తోసే ఒత్తిడి) తగ్గిస్తారు, గాలి పీల్చే రంధ్రం చిన్నది చేస్తారు. వెనకబడ్డ కారుకి సడలిస్తారు. ఆ వారం మొదటి క్వాలిఫయింగ్‌లో, అంటే రేసు మొదట్లో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగులో, ఫోర్డ్‌లు దుమ్ము రేపాయి. ఆ తర్వాత, రేసుకి ముందు, నిర్వాహకులు అంకెలు మార్చారు. ఫోర్డ్‌కి బూస్ట్ తగ్గించి 10 కిలోలు కలిపారు. ఫెరారీకి బూస్ట్ ముట్టుకోలేదు కానీ 25 కిలోలు ఎక్కించారు.

మా మామయ్య నన్ను మలక్‌పేట రేస్‌కోర్స్‌కి తీసుకెళ్లేవాడు. రేసుకి ముందు జాకీ జీనుతో సహా కాటా మీద కూర్చుంటాడు, తక్కువైతే సీసం ముక్కలు పెడతారు. రేసు అయ్యాక మళ్లీ కాటా. హ్యాండిక్యాప్ రేసులో బలమైన గుర్రానికి ఎక్కువ బరువు, దానికి ఎవరూ ఏడవరు. ఎందుకంటే ఏ గుర్రానికి ఎంతో ముందుగానే అచ్చువేసి అందరి చేతుల్లో పెడతారు. పొద్దున గుర్రం బాగా పరిగెత్తిందని సాయంత్రం బరువు పెంచరు. లే మాన్స్‌లో చేసింది అదే. ఫోర్డ్ మోసం చేసిందని నేను అనను. క్వాలిఫయింగ్ అయ్యాక అంకెలు మార్చడం తప్పు అంటాను.

టర్బో తెనాలి

అన్నా, గుర్రాలన్నీ నాలుగు కాళ్లవే. ఇక్కడ అలా కాదు. ఫోర్డ్‌ది 3.5 లీటర్ల ట్విన్ టర్బో వీ6. కార్వెట్‌ది టర్బో లేని 5.5 లీటర్ల వీ8, అదీ ముందు ఇంజిన్. ఆ ఏడాది పోర్షే 911కి ఇంజిన్ ఇంకా వెనక ఇరుసు అవతలే ఉంది. వీటిని ఒకే గీత మీద నిలబెట్టాలంటే ఎవరో ఒకరు సర్దాలి కదా. లేకపోతే ఎవరు ఎక్కువ డబ్బు పోస్తే వాళ్లే గెలుస్తారు, మిగతావాళ్లు రెండేళ్లలో ఇంటికి పోతారు.

ఇంకో మాట. ఫోర్డ్‌ని గెలిపించాలనుకుంటే క్వాలిఫయింగ్ తర్వాత ఫోర్డ్ బూస్టే ఎందుకు కోస్తారు? మీ వాదన అక్కడే తెగిపోతుంది.

మలక్‌పేట వాసి

తెగదు. రేసుకి ముందు ప్రాక్టీస్ కోసం పెట్టే టెస్ట్ డే నాడు ఫోర్డ్‌లు ఆ వేగం చూపించలేదు. క్వాలిఫయింగ్‌లో ఒక్కసారిగా ల్యాప్‌కి 3 నిమిషాల 51 సెకన్లకు దిగాయి. ఎవరు ఎంత దాచుకున్నారో ఎవరికీ తెలియని స్థితిలో నిర్వాహకులు హడావిడిగా అంకెలు వేశారు. అది సర్దుబాటు కాదు, అంచనా. కారు ఎంత దాస్తే అంత లాభం అని నేర్పే నియమం అది. పైగా ఆ ఫోర్డ్ రోడ్డు కారు మొదటిది ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది 2016 డిసెంబర్‌లో, రేసు అయిన ఆర్నెల్లకు. ప్రత్యేక అనుమతి మీద వచ్చిన కారు అది.

ఆటోనగర్ పానా

25 కిలోలంటే ఏముందిలే అనుకునేవాళ్లకి ఒక్క మాట. బైక్ మీద ఒక్కరే వెళ్తున్నప్పుడు, వెనక పిల్లాడు ఎక్కినప్పుడు బ్రేక్ ఒకే చోట వేస్తారా? ఇంకొంచెం ముందే పట్టాలి. ల్యాప్ 13.6 కిలోమీటర్లు. ప్రతి మలుపులో బ్రేక్ మీద కొంచెం, టైరు మీద కొంచెం, పికప్‌లో కొంచెం. అలా 340 ల్యాప్‌లు. ఫెరారీ అంత భారంతోనూ ఆఖరి గంటల దాకా ఫోర్డ్‌తో కొట్లాడిందంటే ఆ టీమ్‌కి దణ్ణం పెట్టాలి. ఫెరారీ కంపెనీ తరఫున నడిపే ఏఎఫ్ కోర్సే వాళ్ల రెండు కార్లూ మధ్యలోనే ఆగిపోయాయి. మొత్తం బరువు ఈ ఒక్క ప్రైవేట్ టీమ్ మీదే పడింది.

రాత్రంతా మేల్కొన్నవాడు

నేను ఆ రేసు మొత్తం చూశాను. మన టైమ్ శనివారం సాయంత్రం ఆరున్నరకు మొదలు, ఆదివారం సాయంత్రం ఆరున్నరకు అంతం. వాన వల్ల దాదాపు మొదటి గంట కార్లన్నీ, వేగం తగ్గించి నడిపించే సేఫ్టీ కారు వెనకే నడిచాయి. చివర్లో అందరూ టయోటా విషాదం చూస్తున్నారు, మొత్తం రేసులో ఆధిక్యంలో ఉన్న వాళ్ల కారు ముగింపుకి మూడు నాలుగు నిమిషాల దూరంలో ఆగిపోయింది. నేనూ మా రూమ్మేటూ మాత్రం జీటీ టైమింగ్ స్క్రీన్ వదల్లేదు. టెన్షన్‌తో టీ చల్లారిపోయింది.

బీఓపీ పక్కన పెట్టి లైట్ల సంగతి చూడండి. తలుపు పక్కన కారు స్థానం చూపించే చిన్న లైట్లు ఉంటాయి. ఫెరారీవి పాడయ్యాయి. నలుపు మీద నారింజ గుండ్రం ఉన్న జెండా చూపించారు, అంటే పిట్‌కి వచ్చి బాగుచేయించుకో అని. రిసీ రాలేదు. వచ్చి ఉంటే మూడో స్థానంలో ఉన్న ఫోర్డ్ ముందుకు వచ్చేదని నా నమ్మకం. ఫోర్డ్ ఫిర్యాదు చేసింది. ఫెరారీకి 20 సెకన్లు, 5,000 యూరోల జరిమానా. కానీ ఫోర్డ్ 68కి కూడా 70 సెకన్లు పడ్డాయి: స్లో జోన్‌లో (నెమ్మదిగా వెళ్లాల్సిన భాగంలో) వేగం మించినందుకు 50, చక్రం స్పీడ్ సెన్సర్ పనిచేయనందుకు 20. నిమిషం తేడా కాస్తా 10.2 సెకన్లయింది.

24 గంటల తర్వాత 10 సెకన్లు! ఇంత దగ్గరగా ముగిసిందంటే ఆ అంకెలు సరిగ్గానే పడ్డాయి కదా?

మలక్‌పేట వాసి

అది మంచి ప్రశ్న, నన్ను ఆలోచింపజేసింది. కానీ ఆ దగ్గరితనం రెండు కార్ల మధ్యే. కార్వెట్, ఆస్టన్, పోర్షేలు ఆ పోరులో లేనే లేవు. ఐదుగురి కోసం వేసిన అంకెలు ఇద్దరికే పనిచేస్తే సరిగ్గా పడ్డాయని ఎలా అంటాం?

నాంత్ నుంచి

ఒక సంవత్సరం ముందుకు రండి. అప్పుడు నేను ఇక్కడే ఫ్రాన్స్‌లో చదువుకుంటున్నాను, 2017 రేసుకి వెళ్లాను. ఆస్టన్ మార్టిన్ 97, కార్వెట్ 63. చివరి ల్యాప్‌కి మా ఎదురుగా మెయిన్ స్ట్రెయిట్ మీదకి వచ్చాయి. కార్వెట్‌లో జోర్డన్ టేలర్, టైరు గాలి పోతోంది. జానీ ఆడమ్ పక్కనుంచి దాటేశాడు. నా చుట్టూ జనం బారికేడ్ ఎక్కేశారు. కుంటుతున్న కార్వెట్‌ని చివరికి ఫోర్డ్ కూడా దాటింది, రెండో స్థానమూ పోయింది. బీఓపీ లేకుండా నాకు ఆ నిమిషం దొరికేది కాదు. మీరు వద్దంటున్నది దాన్నే.

మలక్‌పేట వాసి

వద్దనడం లేదు తమ్ముడూ, మొదటి పోస్ట్ మళ్లీ చూడు. బరువులు వేయండి, ముందుగా వేసి మళ్లీ ముట్టుకోవద్దు అంటున్నాను. 2017లో డబ్ల్యూఈసీలో, అంటే లే మాన్స్ కూడా భాగమైన ప్రపంచ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్‌లో, మిగతా రేసులకి జీటీఈ బీఓపీని లెక్క ప్రకారం ఆటోమేటిక్‌గా మార్చే పద్ధతి తెచ్చారు. లే మాన్స్‌ని మాత్రం అందులోంచి మినహాయించారు. అన్నిటికంటే పెద్ద రేసుకే ఆ లెక్క ఎందుకు వర్తించలేదో చెప్పండి.

ఇంకా బాధించేది, ఇప్పుడు టీమ్‌లు, డ్రైవర్లు బీఓపీ గురించి బహిరంగంగా మాట్లాడకూడదని నియమం ఉంది. మలక్‌పేటలో ట్రైనర్ "నా గుర్రానికి బరువు ఎక్కువైంది" అని గట్టిగానే అంటాడు. అలా అనే హక్కు కూడా లేకుండా చేస్తే ప్రేక్షకుడికి మిగిలేది అనుమానమే.

టర్బో తెనాలి

మాట్లాడనిస్తే ప్రతివాడూ ఏడుస్తాడు, ఆ రోజంతా అదే వార్త. ఆ నియమం అందుకే.

కానీ ఒకటి ఒప్పుకుంటాను. 2023లో అన్నిటికంటే వేగమైన హైపర్‌కార్ క్లాసులో లే మాన్స్ అయ్యేదాకా కంపెనీల మధ్య అంకెలు మార్చమని ముందే చెప్పారు. తీరా రేసు దగ్గర పడ్డాక టయోటాకి 37 కిలోలు, ఫెరారీకి 24 కలిపారు. 1965 తర్వాత మొదటిసారి ఫెరారీ మొత్తం రేసు గెలిచింది. నేను టయోటా అభిమానిని. ఆ రోజు నేనూ మీలాగే అరిచాను, ఇంట్లో అందరూ లేచి వచ్చారు.

మలక్‌పేట వాసి

37 కిలోలకి అరిచినవాడివి, రిసీ 25 కిలోలకి కూడా అరవాలి కదా తెనాలీ.

టర్బో తెనాలి

రిసీకి ఎక్కించింది టెస్ట్ డే అయ్యాక, క్వాలిఫయింగ్ చూశాక. కళ్లముందు వేగం ఉంది. టయోటాకి మాట ఇచ్చి తప్పారు. నాకు ఈ రెండూ ఒకటి కావు. రేపు డ్యూటీ ఉంది, మిగతాది ఆదివారం రాస్తాను.