చర్చ: చికోరీ కలిపిన పొడిని కాఫీ పేరుతో అమ్మనివ్వాలా?

గోస్తని:

సూటిగా అడుగుతున్నాను. కాఫీ అని డబ్బులిచ్చి కొన్న పొడిలో సగానికి దగ్గరగా చికోరీ ఉంటే, దాన్ని ఇంకా ఎన్నాళ్లు కాఫీ అనుకుని తాగాలి?

చికోరీ గింజ కాదు, వేరు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తారు. ముల్లంగిలా భూమిలో ఊరే ఆ వేరును ముక్కలు కోసి, ఎండబెట్టి, నల్లగా వేయించి పొడి కొడతారు. కాఫీ రంగు వస్తుంది, చేదు వస్తుంది. కెఫీన్ మాత్రం ఉండదు. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. ఏది ఎంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి. అంటే 49 శాతం దాకా వేరు పొడి కలిపి అమ్మినా చట్టం అడ్డు చెప్పదు. 53–47 అని చిన్న అక్షరాల్లో రాసి ఉన్న ప్యాకెట్లు కిరాణా కొట్లలో ఎన్నో కనిపిస్తాయి. పైన మాత్రం నిగనిగలాడే కాఫీ గింజల ఫొటో.

ఇప్పుడు రైతు వైపు నుంచి చూడండి. దేశంలో ఏటా సుమారు మూడున్నర లక్షల టన్నుల కాఫీ పండుతోంది. అందులో దాదాపు 70 శాతం ఓడలెక్కి పోతుంది. ఇటలీ, జర్మనీ, రష్యా, బెల్జియం మన గింజను ఇష్టంగా కొంటాయి. ఇంత పండించే దేశంలో ఇంటి వాడకం మాత్రం లక్ష టన్నుల చుట్టుపక్కలే. 2001 ప్రాంతంలో ప్రపంచ మార్కెట్లో ధర కుప్పకూలినప్పుడు కర్ణాటకలోని కొడగు, చిక్కమగళూరు రైతులు ఎంత నలిగిపోయారో అప్పటి పేపర్లు చదివినవాళ్లకు గుర్తుంటుంది. ఇంట్లో కొనేవాడు తక్కువైతే బయటివాడు చెప్పిందే ధర.

మన గ్లాసులో చికోరీ ఆక్రమించిన చోటు మన రైతు గింజది. కలుపుకుని తాగేవాళ్లను నేనేమీ అనను. కలిపినదాన్ని కాఫీ పేరుతో అమ్మడం ఆపాలి. దానికి వేరే పేరు పెట్టుకోవాలి. ఇదీ నా వాదన.

ఇత్తడి ఫిల్టర్:

గోస్తని గారూ, రైతు గురించి మీ బాధ అర్థమైంది. కానీ నా ఇంటి కాఫీని దొంగ కాఫీ అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను.

ఫిల్టర్లో ఏం జరుగుతుందో రోజూ చూసేదాన్ని కాబట్టి చెబుతున్నా. పై గిన్నెలో పొడి వేసి, బిళ్లతో మెల్లగా అదిమి, సలసల కాగే నీళ్లు చుట్టూ తిప్పుతూ పోస్తాం. ఉత్త కాఫీ పొడి అయితే ఆ నీళ్లు గబగబా కిందికి జారిపోతాయి. చికోరీ ఉంటే తడి తగలగానే ఉబ్బి సందులన్నీ మూసేస్తుంది. నీళ్లు చుక్క చుక్కగా దిగుతాయి. పైగా నీళ్లలో కరిగే పదార్థం కాఫీలో కంటే చికోరీలో చాలా ఎక్కువ. డికాషన్ చిక్కగా, నల్లగా దిగేది అందుకే. చిక్కటి పాలల్లో కాస్త పోసినా పాలను తట్టుకుని నిలబడుతుంది. చికోరీ లేని పల్చటి డికాషన్ అదే పాలల్లో పోసి చూడండి, రంగు కూడా రాదు.

ఇది మనవాళ్లు మోసపోయి నేర్చుకున్న అలవాటు అనుకోవద్దు. నెపోలియన్ కాలంలో సముద్ర వ్యాపారం స్తంభించి కాఫీ దొరకనప్పుడు ఫ్రాన్స్‌లో చికోరీ వాడకం బాగా పెరిగింది. తర్వాత కాఫీ మళ్లీ దొరికినా అలవాటు పోలేదు. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ వాళ్లు చికోరీ కాఫీనే తమ ఊరి కాఫీ అని గొప్పగా చెప్పుకుంటారు. కొరత వల్ల పుట్టినంత మాత్రాన రుచి కాకుండా పోతుందా?

మా ఇంట్లో కాఫీ 80, చికోరీ 20. తెలిసే కలిపించుకుంటాం. మాకు దాని పేరు కాఫీయే.

నల్ల కాఫీ:

అమ్మా, మీ 80–20తో నాకు పేచీ లేదు. కానీ ఈ రుచి మనకు ఎలా అలవాటైందో చెప్పకుండా సంప్రదాయం అనేస్తే సగం కథే చెప్పినట్టు.

1942 కాఫీ చట్టం కింద రైతులు పండించిన గింజంతా ప్రభుత్వ సంస్థ అయిన కాఫీ బోర్డుకు అప్పగించాల్సిందే. అందరి గింజా ఒకే పూల్‌లోకి, అంటే ఒకే ఉమ్మడి రాశిలోకి పోయేది. గ్రేడును బట్టి పాయింట్లు ఇచ్చేవారు, డబ్బులు విడతలుగా వచ్చేవి. ఎగుమతికి ఒక వేలం, దేశంలో అమ్మకానికి ఇంకో వేలం. ఏ తోట గింజ ఎవరి గ్లాసులోకి వెళ్లిందో రైతుకూ తెలీదు, తాగినవాడికీ తెలీదు. ఒళ్లు వంచి మంచి గింజ తీసినా నా తోట పేరుతో అమ్ముకుంటాను అనే దారే లేదు. 1990ల్లో అంచెలంచెలుగా సడలించి 1996 నాటికి గానీ రైతుకు పూర్తి స్వేచ్ఛ రాలేదు. అంటే అర్ధ శతాబ్దం పాటు మన ఇళ్లకు ఊరూ పేరూ లేని గింజే వచ్చింది. అలాంటి గింజను నల్లగా మాడ్చి, చికోరీ కలిపి, పాలూ పంచదారా పోస్తే లోపం ఎక్కడా బయటపడదు. అదే మనకు రుచి అయిపోయింది.

చిక్కమగళూరు వైపు బాబాబుడన్‌గిరి కొండల్లో పండే ఆరబికా రకం గింజను మధ్యస్థంగా వేయించి, పాలు లేకుండా ఒక్కసారి తాగి చూడండి. పుల్లటి పండు వాసన, కాస్త తీపి నాలుకకు తెలుస్తాయి. చికోరీ, రోబస్టా అనే ఇంకో రకం కాఫీ గింజ కలిపితే ఇవన్నీ మాయం.

పొడి దుకాణం:

బాబూ, చికోరీని, రోబస్టాని ఒకే గాటన కట్టకు. మన దేశంలో పండే కాఫీలో సుమారు 70 శాతం రోబస్టానే. నీడలో పెంచి, తొక్క తీసి, కడిగి ఆరబెట్టిన మన రోబస్టాకు బయట మంచి పేరుంది. కాపి రాయల్ అని దాన్లో ప్రత్యేకమైన గ్రేడే ఉంది. ఎస్ప్రెస్సో మీద బంగారు రంగు నురగ నిలవడానికి ఇటలీవాళ్లు రోబస్టా కలుపుతారు. వాళ్లకు పనికొచ్చింది మనకు నామోషీ ఎందుకు?

గింజలు వేయించి పొడి కొట్టి అమ్మడం నా వృత్తి. మా దగ్గరికొచ్చేవాళ్లు “ప్లాంటేషన్ ఏ సగం, పీబెర్రీ సగం, కిలోకి 200 గ్రాముల చికోరీ” అని గింజ గ్రేడులతో సహా నోటితో చెప్పి కలిపించుకుంటారు. వాళ్ల కళ్ల ముందే తూకం వేస్తాం. అక్కడ మోసం లేదు.

కానీ 2024లో జరిగింది చెప్పాలి. వియత్నాం, బ్రెజిల్‌లలో వానలు మొహం చాటేయడంతో, 2023 మొదట్లో టన్ను రెండు వేల డాలర్ల దగ్గరున్న రోబస్టా 5,000 డాలర్లు దాటింది. మేము కొనే ధరా దాంతోపాటే ఎగబాకింది. అప్పుడు చాలామంది పాత కస్టమర్లు “ధర పెంచకండి, చికోరీ ఇంకాస్త వేయండి” అన్నారు. 20 శాతం వాళ్లు 30కి, 30 వాళ్లు 40కి దిగారు. నేను వద్దన్నా వినలేదు. తర్వాత వాళ్లలో వెనక్కి వచ్చినవాళ్లు తక్కువ, నాలుక అలవాటు పడిపోయింది. గోస్తని గారు చెప్పే ప్రమాదం నిజంగా ఉన్నది ఇక్కడే.

తూప్రాన్ దారి:

మీరందరూ ఫిల్టర్ దగ్గరే ఆగిపోయారు. తెలంగాణలో ఎక్కువ ఇళ్లల్లో పొద్దున్నే పొయ్యి మీద మరిగేది చాయ్. కాఫీ అంటే చుట్టాలొచ్చినప్పుడు కట్ చేసే చిన్న సాషే, అది కూడా ఇన్‌స్టంట్. ఇంత మంది తాగే ఇన్‌స్టంట్‌లో ఎంత చికోరీ ఉందో ఎవరూ అడగరేం? ఫిల్టర్ పొడికైతే కలిపే షాపాయనను అడగొచ్చు. సాషే మీద అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి.

ఇంకోటి. గుంటూరు దగ్గర దుగ్గిరాలలో, ఇటు మా తూప్రాన్‌లో పెద్ద ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీలు ఉన్నాయి. సరుకు ఎక్కువగా విదేశాలకే పోతుంది. ఎగుమతి కోసమైతే బయటి దేశాల నుంచి చవక గింజను సుంకం లేకుండా తెచ్చుకునే వీలు కూడా ఉంది. తెలుగు నేల మీద తయారైన మంచి కాఫీ విదేశీయులు తాగుతుంటే, మనకు వేరు పొడి కలిపిన సాషే. గోస్తని గారి ప్రశ్న ఫిల్టర్ కంటే ఇక్కడే గట్టిగా అడగాలి.

మన్యం మిత్ర:

పాడేరు, చింతపల్లి, అనంతగిరి వైపు కాఫీ రైతులతో కలిసి పనిచేస్తాను. చికోరీని ఆపేస్తే రైతు బాగుపడతాడు అనే మాట విన్నప్పుడల్లా నాకు కంగారు పుడుతుంది. ఎందుకో చెప్తాను.

మన్యంలో గిరిజన కుటుంబానికి కాఫీ ఉండేది చాలాచోట్ల ఎకరం, రెండెకరాలు. సిల్వర్ ఓక్ నీడన ఆరబికా, ఆ చెట్లకే మిరియాల తీగ. నవంబరు నుంచి కోత. ఒకే గుత్తిలో ఎర్రగా మాగిన పండ్లూ, పచ్చివీ కలిసే ఉంటాయి. మంచి కాఫీ కావాలంటే ఎర్రవి మాత్రమే ఏరాలి. అంటే ఒక్కో మొక్క దగ్గరికి మూడు నాలుగు విడతలు వెళ్లాలి. పల్పర్‌లో తొక్క తీసి, జిగురు పోయేలా కడిగి, నేలకు తగలకుండా ఎత్తుగా కట్టిన వలల మీద ఆరబెడితే పార్చ్‌మెంట్ తయారవుతుంది. మంచు కురిసే రోజుల్లో సాయంత్రం కప్పాలి, పొద్దున తీయాలి. అదే గుత్తి మొత్తం ఒకేసారి దూసి, తొక్కతోనే ఎండేస్తే చెర్రీ. శ్రమ తక్కువ, ధరా తక్కువే.

చేతిలో డబ్బు లేని ఇల్లు రెండో దారి పడుతుంది. సంతలో దళారి పచ్చీ, ఎర్రా చూడకుండా ఒకే రేటు కడితే మొదటి దారిలో నడిచినవాడు పిచ్చివాడవుతాడు. గిరిజన సహకార సంస్థ కొనుగోలుకు దిగిన దగ్గర ఈ ఆట కొంత కట్టింది. పండును ఊళ్లోనే తూచి, నాణ్యతకు ఎక్కువ ధర ఇచ్చి, అరకు పేరుతోనే అమ్మేవాళ్లు వచ్చాక తేడా కళ్లారా చూశాం. 2017లో అరకు కాఫీ పేరుతో ప్యారిస్‌లో దుకాణమే తెరుచుకుంది. 2019లో అరకు వ్యాలీ ఆరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

రేపు చికోరీ ఆపితే కంపెనీలు ఆ ఖాళీని అరకు పార్చ్‌మెంట్‌తో నింపుతాయా? అన్నిటికంటే చవకైన చెర్రీతో నింపుతాయి. అప్పుడు ప్యాకెట్ మీద నూరు శాతం కాఫీ అని ఉంటుంది, నిజమే. ఎర్ర పండు ఏరినవాడికి మాత్రం ఒక్క రూపాయి అదనంగా రాదు. నేను కోరేది ఒక్కటే: గింజ ఏ ప్రాంతానిది, పార్చ్‌మెంటా చెర్రీయా అన్నది ప్యాకెట్ మీద ఉండాలి. కొనేవాడు అది చూసి డబ్బులిచ్చిన రోజున మా వైపు కోత తీరే మారుతుంది.

నల్ల కాఫీ:

మన్యం మిత్ర గారూ, ప్రాంతం పేరు రాయడం ఇప్పటికే మొదలైంది. చిన్న రోస్టర్లు తోట పేరు, రకం, వేయించిన తేదీ కూడా వేస్తున్నారు. దాని ధర చూసి మామూలు ఇల్లు వెనక్కి తగ్గుతోంది. అదొక్కటే నా దిగులు.

ఇత్తడి ఫిల్టర్:

దిగులు మాకూ ఉంది నాయనా. నలుగురున్న ఇంట్లో రోజుకు రెండు పూటలా కాఫీ. ఉత్త కాఫీ పొడితో అదే చిక్కదనం రావాలంటే పొడి ఎక్కువ వేయాలి. నెల తిరక్కముందే డబ్బా ఖాళీ. చికోరీ మానమని చెప్పడం తేలిక. పచారీ లెక్క రాసేవాళ్లను కూడా ఓసారి అడగండి.

పొడి దుకాణం:

అమ్మా, మీరన్నది నిజమే, కానీ కొంత దారి ఉంది. చికోరీ తగ్గించేటప్పుడు పొడి ఇంకాస్త మెత్తగా కొట్టించండి. బిళ్లతో కొంచెం గట్టిగా అదమండి, నీళ్లు ఒక్కసారే పోయకుండా రెండు విడతలుగా పోయండి. మొదటి నీళ్లు పొడి నానేంత వరకే. గింజలో కొంత కడిగిన రోబస్టా కలిపిస్తే పాలల్లో నిలబడే బలం వస్తుంది. 20 నుంచి 10కి రావచ్చు, ఖర్చు మరీ పెరగదు. సున్నా చేయమని నేనూ అనను.

గోస్తని:

పొడి దుకాణం గారి 2024 అనుభవం, మన్యం మిత్ర గారి మాట చదివాక నా డిమాండ్‌ను కొంత మార్చి, ఇంకా స్పష్టంగా పెడుతున్నాను. చికోరీ కాఫీ కంటే చాలా చవక. కాఫీ ధర పెరిగిన ప్రతిసారీ ఆ శాతం పైకి పోతుంది, ధర తగ్గాక కిందికి రాదు. దీన్ని ఆపేది కొనేవాడి కన్ను ఒక్కటే. అందుకే చికోరీ శాతం ప్యాకెట్ ముందు వైపు, బ్రాండు పేరున్నంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలి. సాషేకి కూడా ఇదే వర్తించాలి. పార్చ్‌మెంటా చెర్రీయా అన్నది పక్కనే రాయాలి. 30 శాతం దాటి వేరు పొడి ఉంటే ప్యాకెట్ మీద పెద్దగా కాఫీ అని ఉండకూడదు. ఈ చివరి దాని మీద నేను వెనక్కి తగ్గను.

ఎఫ్ఎస్ఎస్ఏఐకి, కాఫీ బోర్డుకు పంపడానికి వినతిపత్రం రాస్తున్నాను. సంతకం పెట్టేవాళ్లు చెప్పండి.

తూప్రాన్ దారి:

నా సంతకం వేసుకోండి. సాషే మాట మొదటి పేరాలోనే ఉండాలి.

మన్యం మిత్ర:

నాదీ వేసుకోండి. గింజ ప్రాంతం పేరు కూడా చేర్చండి, అది లేకుండా మా రైతుకు ఒరిగేదేమీ లేదు.

ఇత్తడి ఫిల్టర్:

అక్షరాలు పెద్దవి చేయమనే దానికి, తెలుగులో రాయమనే దానికి నా సంతకం ఉంటుంది. 30 దాటితే కాఫీ అనకూడదు అనే దానికి మాత్రం పెట్టను. మా అక్క ఇంట్లో 35 కలుపుతారు. వాళ్లు తాగేది కాఫీ కాదని ఆవిడ మొహం మీద నేను చెప్పలేను, కాగితం మీదా చెప్పను. ఆ వాక్యం విడిగా పెట్టండి గోస్తని గారూ, ఒప్పుకున్నవాళ్లు దాని కింద పెడతారు.