గ్రంథాలయంలో గది ఎవరికి? గ్రూప్స్ చదివేవాళ్ళకా, చిన్నపిల్లలకా?

కాలవగట్టు:
మా టౌన్ లైబ్రరీలో బాలల విభాగం అని బోర్డున్న గదిని ఈమధ్య గ్రూప్స్, డీఎస్సీ ప్రిపేర్ అయ్యేవాళ్ళకి ఇచ్చేశారండీ. పిల్లల పుస్తకాల బీరువాలు వరండాలోకి వచ్చేశాయి, వాటికి తాళాలు. ఇదేంటండీ అంటే పిల్లలెవరూ రావట్లేదుగా అన్నారు. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తోంది. మన ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు వసూలు చేస్తున్నారు, 1960 నాటి గ్రంథాలయాల చట్టం కిందే ఇదంతా నడుస్తోంది, ఆ డబ్బులో పదేళ్ళ పిల్లకి వాటా లేదా? రావట్లేదని గది తీసేస్తారా, రప్పించే దారి చూస్తారా? మీ ఊళ్ళలో ఎలా ఉందో చెప్పండి.

చిక్కడపల్లి రీడర్:
అన్నా, నేను చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీల చదువుకుంటున్న. సీటు దొరకాలంటే పొద్దుగాల్నే రావాలె. మేమంత ఊర్లకెళ్లి వచ్చినోళ్ళం, ఒక్క రూముల నలుగురం ఉంటం, ఆడ కూసోని చదువుడు అయ్యే పని కాదు, కోచింగ్ సెంటర్ల రీడింగ్ రూములకు నెల నెల పైసలు కట్టే స్తోమత అందరికి ఉండదు గదా. పిల్లలకు ఇల్లున్నది, బడి ఉన్నది. మాకు లైబ్రరీ తప్ప ఏమున్నది? పిల్లల మీద కోపం కాదు నాకు, మా అక్క బిడ్డకు కథల పుస్తకాలు కొనిచ్చేది నేనే. కానీ ఖాళీగ ఉన్న గదిని తాళమేసి పెట్టుమంటే ఒప్పుకోను.

పాత లైబ్రేరియన్:
ఈ డిపార్ట్‌మెంట్‌లోనే రిటైర్ అయ్యాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను. పిల్లలు ఎందుకు రారో మొదట చూడండి. శాఖా గ్రంథాలయం తెరిచేది పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు. పొద్దున పిల్లాడు బడికి పోయే హడావుడిలో ఉంటాడు, సాయంత్రం ట్యూషన్. మెంబరు కావాలంటే డిపాజిట్ కట్టాలి, పెద్దవాళ్ళెవరితోనో హామీ సంతకం పెట్టించుకు రావాలి. ఇంక బీరువా తాళం సంగతి. పుస్తకం పోయిందనుకోండి, ఆడిట్‌లో రాసేది లైబ్రేరియన్ పేరే, ఆ డబ్బు రికవరీ పెట్టేదీ ఆయన మీదే. అందుకని చిన్నపిల్లల చేతికి ఇవ్వడానికి జంకుతారు. వాళ్ళకి పుస్తకాలంటే ప్రేమ లేక కాదు. మే నెలలో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతాం, కథలు చెప్పిస్తాం, బొమ్మలు వేయిస్తాం, బోలెడంత మంది వస్తారు. జూన్‌లో బడి తెరిచాక వాళ్ళలో ఒక్కరూ కనపడరు. ఎందుకంటే శిబిరం అయిపోయేటప్పుడు సర్టిఫికెట్ చేతికిచ్చి పంపాం గానీ పుస్తకం ఇచ్చి పంపలేదు.

టెక్సస్ అమ్మ:
పాత లైబ్రేరియన్ గారు చెప్పిన ఆఖరి మాట అక్షరాలా నిజం. ఇక్కడ మా పాపకి తన పేరు మీదే కార్డు ఇచ్చారు, ఇంకా చదవడం కూడా సరిగ్గా రాని వయసులో. సంచీ నిండా బొమ్మల పుస్తకాలు తెచ్చుకుంటుంది, సగం తిరగేసి ఇచ్చేస్తుంది, ఎవరూ ఏమీ అనరు. సమ్మర్ రీడింగ్ అని వేసవిలో ఎన్ని నిమిషాలు చదివితే అన్ని గళ్ళు నింపుకోవడం, చివర్లో ఒక పుస్తకం బహుమతి. షికాగోలో 2019లో, న్యూయార్క్‌లో 2021లో ఆలస్య రుసుము పూర్తిగా ఎత్తేశారు. షికాగోలో అలా ఎత్తేశాక ఏళ్ళ తరబడి ఇళ్ళలో ఉండిపోయిన పుస్తకాలు కూడా వెనక్కి వచ్చాయి, ఫైన్‌కి భయపడి లైబ్రరీ మానేసినవాళ్ళు మళ్ళీ వచ్చారు.

చిక్కడపల్లి రీడర్:
మేడం అమెరికా బడ్జెట్ వేరు, ఈడ ఫ్యాన్ చెడిపోతే బాగు చేపిచ్చుడే కష్టం. సెస్సు వసూలు చేసిన మున్సిపాలిటీలు గ్రంథాలయ సంస్థకు టైంకు జమ చెయ్యవు, బకాయిలని పేపర్ల ఎన్నిసార్లు రాలే?

కాలవగట్టు:
తమ్ముడూ, బకాయిల మాట ఒప్పుకుంటా. కానీ పుస్తకం ఇంటికి ఇవ్వడానికి అమెరికా బడ్జెట్ ఎందుకు, మనవాళ్ళు 1935లోనే పడవలో చేసి చూపించారు. గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి పూనికతో కృష్ణా కాలవ మీద పెదపులివర్రు నుంచి కొల్లూరు దాకా బోటు గ్రంథాలయం నడిచింది. అప్పట్లో కరెంటు లేదు, కుర్చీలు లేవు, సర్కారు జీతాలూ లేవు. జనం లైబ్రరీకి రావట్లేదని వాళ్ళు మూసెయ్యలేదు, జనం తిరిగే చోటికే పుస్తకాలు పట్టుకెళ్ళారు. ఇవాళ ఆ పని బడి గేటు దగ్గర ఒక ఆటోతో చెయ్యొచ్చు, వారానికోసారి.

లెక్కల టీచర్:
ఆటో దాకా ఎందుకండీ, బడిలోనే ఉన్నాయి పుస్తకాలు. ఆంధ్రాలో 2020లో వియ్ లవ్ రీడింగ్ అన్నారు, తెలంగాణలో 2022లో రీడ్ పేరుతో బడిపిల్లల చేత పుస్తకాలు చదివించే వంద రోజుల కార్యక్రమం పెట్టారు. మా స్కూల్లో అది జరిగినన్నాళ్ళూ పిల్లలు నిజంగా చదివారు, ఆరో క్లాసు పిల్లలు ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళు లాక్కున్నారు కూడా. తర్వాత సిలబస్ వెనకబడిందని లైబ్రరీ పీరియడ్ మాకే ఇచ్చేశారు, నేనే ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్పాను. అందుకే బడి మీద వదిలేస్తే లాభం లేదంటాను, మార్కులతో పనిలేని చోటు పిల్లలకి లైబ్రరీ ఒక్కటే.

ఇంకో మాట. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో ఏడాదికి వెయ్యి పుస్తకాలు ఇస్తే అందులో 5 పోవడం మామూలే అని రాసుంది, మోసం, నిర్లక్ష్యం లేకపోతే ఎవరినీ బాధ్యుల్ని చెయ్యక్కర్లేదు. అది సెంట్రల్ ఆఫీసులకి వర్తించే రూలు, కానీ మన శాఖా గ్రంథాలయాల్లోనూ అలాంటి ధైర్యం ఇస్తే తాళాలు వాటంతటవే ఊడతాయి.

ఇంటర్ సెకండియర్:
ఇందాకట్నుంచీ చదువుతున్నా, నా వయసు వాళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఒక బీరువాలో పంచతంత్రం, పక్క బీరువాలో పోటీ పరీక్షల పుస్తకాలు, మధ్యలో పదిహేనేళ్ళ వాళ్ళకి ఏముంది? నేను ఫోన్‌లో మాంగా, అంటే జపాన్ బొమ్మల కథలు, చదువుతా, అది చదవడం కాదంటారు మా నాన్న. క్రైమ్, సైన్స్ ఫిక్షన్, క్రికెటర్ల జీవితాలు, గ్రాఫిక్ నవలలు పెట్టండి, వస్తాం. ఏం కొనాలో కనీసం ఒక్కసారి మమ్మల్ని అడగండి.

పాత లైబ్రేరియన్:
బాబూ, అడగాలి నిజమే. కానీ కొనుగోలు జాబితా పైనెక్కడో తయారవుతుంది, కొన్ని కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ ఫౌండేషన్ ద్వారా వస్తాయి, బ్రాంచిలో కూర్చునే మనిషి చేతిలో ఏమీ ఉండదు. చాలా లైబ్రరీల్లో పాఠకుల సూచనల రిజిస్టర్ అని ఒకటుంటుంది, అందులో పుస్తకం పేరు, ప్రచురణకర్త పేరు రాసి సంతకం పెట్టు, నీ ఫ్రెండ్స్ చేత కూడా రాయించు. ఖాళీ రిజిస్టర్ చూపించి మేం పైవాళ్ళని ఏమీ అడగలేం.

కాలవగట్టు గారూ, మీరు కూడా గది కోసం పట్టుపట్టకండి. పిల్లలు గంటల తరబడి కూర్చోరు, పది నిమిషాల్లో పుస్తకం ఎంచుకుని ఇంటికి పోతారు. డిపాజిట్ లేకుండా హెడ్మాస్టర్ సంతకంతో పిల్లలకి కార్డులు ఇమ్మని, తాళాలు తీయమని జిల్లా గ్రంథాలయ సంస్థకి అర్జీ పెట్టండి. కిందటేడు పిల్లల పేరు మీద ఎన్ని పుస్తకాలు ఇష్యూ అయ్యాయో ఆర్టీఐ కింద అడిగి ఆ లెక్క కూడా జత చెయ్యండి.

కాలవగట్టు:
అర్జీ ఈ వారమే పెడతానండి, తాళాల గురించీ కార్డుల గురించీ. కానీ గది వదులుకోలేను సార్. నాలుగేళ్ళ పిల్లకి కథ గట్టిగా చదివి వినిపించాలంటే ఎక్కడ కూర్చోబెడతాం, పక్కన గ్రూప్-1 చదివే అబ్బాయి ఊరుకుంటాడా?

చిక్కడపల్లి రీడర్:
ఇంటికి పుస్తకాలు ఇచ్చుడైతే నాది కూడ సంతకం పెట్టుకో అన్నా. ఆదివారం పొద్దుగాల రెండు గంటలు గది పిల్లలకు ఇయ్యమను, మేము వరండాల కూసుంటం. మిగతా రోజులు మాత్రం ఇయ్యం, మాకు నోటిఫికేషన్లు వచ్చే టైం ఇది.