పెళ్ళి కార్డుకి గోతిక్ ఫాంట్ కావాలి, ఏది వాడితే చదవడానికి బాగుంటుంది?

అడిగింది: కార్డుల డిజైనర్, గుంటూరు

అందరికీ నమస్కారం అండి. ఒక క్రిస్టియన్ పెళ్ళి కార్డు చేస్తున్నా, పైన హోలీ మ్యాట్రిమొనీ అని ఇంగ్లిష్‌లో, కింద అమ్మాయి అబ్బాయి పేర్లు, అన్నీ పాత బైబిల్లో ఉన్నట్టు గోతిక్ అక్షరాల్లో కావాలన్నారు. గోతిక్ అని వెతికితే సెంచురీ గోతిక్, ఫ్రాంక్లిన్ గోతిక్ అని మామూలు సాదా అక్షరాలు వస్తున్నాయి, అవేంటో అర్థం కాలేదు. చివరికి సిస్టమ్‌లో ఉన్న ఓల్డ్ ఇంగ్లిష్ టెక్స్ట్ పెట్టి పేర్లు మొత్తం క్యాపిటల్స్‌లో కొట్టి చూపిస్తే అమ్మాయి వాళ్ళ నాన్నగారు చాలాసేపు చూసి ఇది మా అమ్మాయి పేరేనా అని అడిగారు, నాకు చాలా బాధేసింది. మెరూన్ కార్డు మీద గోల్డ్ స్క్రీన్ ప్రింటింగ్. కార్డు రెండో వైపు తెలుగు, అది కూడా అదే స్టైల్లో ఉండాలంట. తెలుగులో గోతిక్ ఫాంట్ ఏదైనా ఉందా? కొంచెం చెప్పండి ప్లీజ్.

రిప్లై 1

తమ్ముడూ ముందు క్యాపిటల్స్ తీసెయ్. ఆ అక్షరాల్లో క్యాపిటల్ అంటే మాట మొదట్లో నగలాగా ఒక్కటి పెట్టడానికి గీసింది, పది నగలు పక్కపక్కన పెడితే ఏదీ కనపడదు. మొదటి అక్షరం క్యాపిటల్, మిగతావి చిన్నవి, అంతే, ఆ నాన్నగారు వెంటనే చదివేస్తారు చూడు.

ఇక పేరు గొడవ. అమెరికాలో పాత టైప్ ఫౌండ్రీల వాళ్ళు, అంటే అచ్చు అక్షరాలు పోతపోసే కంపెనీల వాళ్ళు, కొసలు లేని సాదా అక్షరాలకి గోతిక్ అని పేరు పెట్టారు, జపాన్‌లో ఇప్పటికీ అలాగే అంటారు. నీకు కావాల్సింది బ్లాక్‌లెటర్, ఆ మాటతో వెతుకు. ఇంకో సంగతి, ఫ్రాంక్లిన్ గోతిక్ గీసిన మోరిస్ ఫుల్లర్ బెంటన్ అనే ఆయనే 1901లో వెడ్డింగ్ టెక్స్ట్ అని ఒక బ్లాక్‌లెటర్ కూడా చేశాడు, పేరులోనే పెళ్ళి ఉంది. ఓల్డ్ ఇంగ్లిష్ కంటే పల్చగా, తేలిగ్గా ఉంటుంది.

రిప్లై 2

నేను కాలిగ్రఫీ నేర్చుకుంటున్నాను కాబట్టి పాళీ వైపు నుంచి చెప్తా. బ్లాక్‌లెటర్ అంటే ఒకటి కాదండి. టెక్స్‌చురా అనేది నిటారు గీతలతో నేసిన బట్టలాగా ఉంటుంది, ఆ పేరుకి అర్థమే నేత. గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో అచ్చేసిన పేజీకి 42 లైన్ల బైబిల్ దాంట్లోనే ఉంది, అంటే మీ క్లయింట్ మనసులో ఉన్నది ఇదే. ఫ్రాక్టూర్ అంటే విరిగినది అని, జర్మనీలో 16వ శతాబ్దం నుంచి బాగా నడిచింది, వంపులూ విరుపులూ కలిసి ఉంటాయి, కానీ దాంట్లో క్యాపిటల్ ఎ మన కంటికి యు లాగా కనపడుతుంది కాబట్టి పేర్లకి నేనైతే పెట్టను. రొటుండా ఇటలీ, స్పెయిన్ వైపుది, కాస్త గుండ్రం.

టెక్స్‌చురాలో ఒక చిక్కు ఉంది. ఎమ్, ఎన్, యు, ఐ నాలుగూ ఒకే నిలువు గీతని పక్కపక్కన పేర్చి చేసినవే, ఇవి వరసగా వస్తే కంచె కర్రల్లా అయిపోతాయి. ఐ మీద గుర్తు పెట్టడం మొదలుపెట్టిందే ఆ గీతల మధ్యలో దాన్ని గుర్తుపట్టడానికి. సుమన్, మనీషా లాంటి పేర్లయితే అసలు పేరే కొట్టి చూడాలి, ఫాంట్ సైట్‌లో శాంపిల్ వాక్యం చూసి నమ్మకూడదు. గూగుల్ ఫాంట్స్‌లో పిరాటా వన్, గ్రెంజె గోటిష్ రెండూ ట్రై చేయండి, గ్రెంజెలో రోమన్ అక్షరాల పోలిక కూడా ఉంది కాబట్టి పెద్దవాళ్ళు తేలిగ్గా చదువుతారు, సన్నం నుంచి లావు దాకా వెయిట్స్ కూడా ఉన్నాయి.

రిప్లై 3

ఇవి హిట్లర్ అక్షరాలు కదా అన్నా, పెళ్ళి కార్డు మీద బాగుంటుందా? ఎవరైనా తప్పుగా అనుకుంటారేమో అని నా డౌట్.

రిప్లై 2 రాసినవారు

ఆ డౌట్ చాలామందికి ఉంటుందండి, తప్పేం లేదు. నాజీలు మొదట్లో వాడుకున్న మాట నిజమే, కానీ 1941 జనవరి 3న హిట్లర్ దగ్గరి మనిషి బోర్మన్ సంతకంతో వాళ్ళే ఆ అక్షరాల్ని ఆపేయమని సర్క్యులర్ ఇచ్చారు. దానికి ఐదొందల ఏళ్ళ ముందు నుంచీ చర్చి పుస్తకాలు ఎన్నో అందులో ఉన్నాయి, న్యూయార్క్ టైమ్స్ పేరు ఇవాళ్టికీ అందులోనే ఉంది. చర్చి పెళ్ళికి ఏ ఇబ్బందీ ఉండదు.

రిప్లై 4

నేను స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాను. ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా, ఓల్డ్ ఇంగ్లిష్ క్యాపిటల్స్ లోపల వెంట్రుకంత గీతలు ఉంటాయి, గోల్డ్ ఇంక్ చిక్కగా ఉంటుంది, చిన్న సైజులో పెడితే కొన్ని గీతలు పడవు, చిన్న ఖాళీలు మూసుకుపోతాయి. కంప్యూటర్ స్క్రీన్ మీద బ్రహ్మాండంగా కనపడినదే కార్డు మీద మచ్చలాగా వస్తుంది, నా దగ్గర అలా ఒక లాట్ మొత్తం పోయింది. అందుకే హెడింగ్‌కీ పేర్లకీ మాత్రమే వాడు, టైమూ అడ్రసూ మామూలు సెరిఫ్ ఫాంట్‌లో, అంటే కొసలున్న అక్షరాల్లో పెట్టు. అక్షరాల మధ్య గ్యాప్ కూడా పెంచకు, దగ్గరగా ఉంటేనే దాని అందం. ఇంకోటి, ఫ్రీ అని దొరికిన ఫాంట్ పర్సనల్ యూజ్‌కే అని ఉంటే డబ్బులు తీసుకునే పనికి వాడకూడదు, గూగుల్ ఫాంట్స్ వాటితో ఆ బాధ లేదు.

రిప్లై 5

తెలుగు సంగతి నేను చెప్తా. తెలుగు అక్షరాలకి కోణాలు పెట్టి గోతిక్ చేసినవి ఎక్కడైనా దొరికినా వాడొద్దండి, దండం పెడతా. ఇంగ్లిష్ గోతిక్ అక్షరాలు వెడల్పు పాళీతో విరిచి రాసినవి, మనవి తాటాకు మీద గంటంతో గుండ్రంగా తిప్పినవి, తలకట్టూ సుడీ విరిచేస్తే అది తెలుగే కాదు. రెండు వైపులా జత కుదరాలంటే ఆకారం కాదు, నలుపు, అంటే అక్షరాల దట్టం, సమానంగా ఉండాలి. ఇంగ్లిష్ వైపు దట్టంగా ఉంది కాబట్టి తెలుగు హెడింగ్‌కి రామభద్ర ఫాంట్ పెట్టండి, లేదా నోటో సెరిఫ్ తెలుగు బోల్డ్, దాంట్లో సన్నం లావు తేడా ఉంది కాబట్టి పాళీ రాతకి కాస్త దగ్గరగా ఉంటుంది. కింద మ్యాటర్‌కి మండలి ఫాంట్ చాలు.

అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్ అండి. పేర్లు గ్రెంజె గోటిష్‌లో కొంచెం లావు వెయిట్ పెట్టి, మొదటి అక్షరం మాత్రం క్యాపిటల్‌గా కొట్టి ప్రింట్ తీసి చూపించా, నాన్నగారు కళ్ళజోడు లేకుండానే చదివారు. హెడింగ్ మాత్రం ఓల్డ్ ఇంగ్లిషే ఉంచమన్నారు, సైజు పెంచా. తెలుగు వైపు నోటో సెరిఫ్ బోల్డ్. రేపు మెరూన్ కాగితం మీద ఒక్క కార్డు టెస్ట్ కొట్టిస్తున్నా, గీతలు నిలబడ్డాయో లేదో వచ్చి చెప్తా.