గది నంబరు కస్టమరే ఎంచుకోవాలా, రకం అమ్మితే చాలదా?

వాల్తేరు: విశాఖ బీచ్ రోడ్డులో 36 గదుల హోటల్‌కి బుకింగ్ పేజీ చేస్తున్నాను. మూడంతస్తులు, అంతస్తుకి 12 గదులు. నడవకి అటు ఆరు సముద్రం వైపు, ఇటు ఆరు సందు వైపు. బస్సు సీట్లలా అంతస్తు పటం చూపించి, '304 నాకు' అని పట్టుకునేలా పెట్టమంటున్నాడు ఓనరు. 'సీ వ్యూ డబుల్' అని రకం అమ్మితే చాలంటున్నాడు మేనేజరు. మీరేమంటారు?

గోదారి: పటమే పెట్టండి. రెడ్‌బస్‌లో సీటు పట్టడం వచ్చిన మనిషికి కొత్తగా నేర్పేదేమీ లేదు. నిండిన గదికి రంగుతో పాటు అడ్డగీతలు కూడా వేయండి. ఎరుపూ ఆకుపచ్చా తేడా పట్టలేని కళ్లు చాలామందికి ఉంటాయి.

ఫ్రంట్‌ఆఫీసు: బస్సు సీటు ఆ ట్రిప్పుతో సరి. గదిది రాత్రుల లెక్క. 301, 302 రెండే ఉన్నాయనుకోండి. 12వ తేదీ రాత్రికి ఒకాయన 301 పట్టాడు. 14 రాత్రికి ఇంకొకాయన 302 పట్టాడు. ఇప్పుడు 12, 13, 14 మూడు రాత్రులకీ ఒక కుటుంబం వస్తే? ఏ రాత్రి చూసినా ఒక గది ఖాళీయే, కానీ మూడు రాత్రులూ ఉండడానికి ఒక్క గదీ లేదు. రకం మాత్రమే అమ్మి ఉంటే ఆ ఇద్దరినీ 301లో సర్ది, 302 వీళ్లకిచ్చేవాణ్ని. సంక్రాంతి సెలవుల్లో నష్టమంతా ఈ ఒంటి రాత్రుల చిల్లులతోనే.

గోదారి: ఒకే గది ఇద్దరికి పోతుందన్న భయమైతే డేటాబేస్‌లోనే కట్టేయొచ్చు అన్నా. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అనే నిబంధన పెడితే ఒకే గదికి తేదీలు ఢీకొన్న రెండో బుకింగ్ లోపలికే రాదు. చెకిన్ తేదీ కలపాలి, చెకౌట్ తేదీ కలపకూడదు. కలిపితే 14న ఖాళీ అయ్యే గది 14న వచ్చేవాళ్లకి నిండినట్టు కనిపిస్తుంది.

ఫ్రంట్‌ఆఫీసు: ఇద్దరికి పోతుందని నేనెక్కడన్నాను తమ్ముడూ? నేను చెప్పింది చిల్లుల సంగతి.

సన్నజాజి: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పేజీ వెడల్పు 360 పిక్సెళ్లు. 12 గదులు వరసగా పెడితే గదికి 30. వేలితో నొక్కే గడికి ఆండ్రాయిడ్ అడిగేది కనీసం 48. వేలు పెడితే పక్క గది పడుతుంది.

గోదారి: వరసకి ఆరే కదండీ, మధ్యలో నడవ. అంచులకి 16 చొప్పున తీసేసి, గడుల మధ్య 6 వదిలినా ఒక్కోటి 49 వస్తుంది.

సన్నజాజి: మరి లిఫ్టు? వరసలో ఏడో గడి పెడితే 41కి పడిపోతుంది. లిఫ్టు చూపించకుండా పటమెందుకు? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు చూసేది అదే.

అలిపిరి: చెకౌట్ మధ్యాహ్నం 12కా, 24 గంటలా? ముందు అది తేల్చండి. మా వైపు లాడ్జీల్లో 24 గంటలే ఎక్కువ. సాయంత్రం 6కి దిగినవాడు మర్నాడు 6కి లేస్తాడు. అప్పుడు తేదీల క్యాలెండర్ అబద్ధం చెబుతుంది. గంటలతో నిల్వ చేసుకోవాలి, శుభ్రం చేయడానికి ఇంకో గంట కలపాలి.

వాల్తేరు: 12కే అండి.

అలిపిరి: అయితే యూపీఐ సంగతి చూసుకోండి. గది 10 నిమిషాలు పట్టి ఉంచి, డబ్బు 11వ నిమిషంలో పడితే అప్పటికి గది వేరేవాళ్లకి పోయి ఉంటుంది. పేమెంట్ పేజీ 8 నిమిషాలకే మూయండి, పట్టు 12 నిమిషాలు ఉంచండి. ఆపైన వచ్చిన డబ్బు ఎవరూ అడగకుండానే వెనక్కి పోవాలి.

సన్నజాజి: ధర మొదటి పేజీలోనే పన్నుతో కలిపి చూపించండి. రాత్రికి 7,500 వరకు 5 శాతం, దాటితే 18. శుక్రవారం 7,400 అంటే 7,770. శనివారం 7,600 అంటే 8,968. చివర్లో కలిపితే జనం మోసమనే అనుకుంటారు. కొనేవాళ్లని బోల్తా కొట్టించే పద్ధతుల (డార్క్ ప్యాటర్న్స్) మీద 2023 నవంబర్ 30న వచ్చిన మార్గదర్శకాల్లో ఇలా చివర్లో ధర పెంచడం, అంటే డ్రిప్ ప్రైసింగ్, కూడా ఉంది.

ఫ్రంట్‌ఆఫీసు: ఓటీఏల (మేక్‌మైట్రిప్ లాంటి బుకింగ్ సైట్ల) మాట ఎవరూ ఎత్తరేం? వాళ్లు రకమే అమ్ముతారు, నంబరు కాదు. మీ పేజీ నంబర్లు పంచేసి, అటు నుంచి 'సీ వ్యూ ఒకటి' అని వస్తే ఎక్కడ సర్దాలి? పైగా 304లో ఏసీ నీళ్లు కారిందనుకోండి. పటం మీద మాటిచ్చింది మీరు, కౌంటర్ దగ్గర తిట్లు తినేది మేం.

గోదారి: ఏసీ ఒక వంక అన్నా. మీకు కావాల్సింది సీ వ్యూ డబ్బు తీసుకుని చేతికందిన గది ఇచ్చే వీలు. సీ వ్యూకి కట్టి, జనరేటర్ వైపు గదిలో పడుకున్నవాణ్ని నేను. అడిగితే 'బాల్కనీ చివర నిలబడితే కనబడుతుంది సార్' అన్నారు. నేను పటం అడిగేది అందుకు.

ఫ్రంట్‌ఆఫీసు: మాట జాగ్రత్త తమ్ముడూ. అందరినీ ఒకే గాట కట్టకు. నువ్వు చెప్పింది పటంతో పోదు, రకాలు నిజాయితీగా విడగొడితే పోతుంది. ఆరింటిలో చివరి రెండిటికి పక్క బిల్డింగ్ అడ్డమైతే వాటిని 'సైడ్ వ్యూ' అని తక్కువ ధరకి అమ్మాలి. ఫోటో మంచం పక్కన నిలబడి, కంటి ఎత్తులో, మామూలు లెన్సుతో తీయాలి. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తీసింది వద్దు. అలా చేస్తే నంబరు నా చేతిలో ఉన్నా నీకొచ్చే భయమేంటి?

గోదారి: అలా విడగొడితే సగం సమస్య తీరుతుంది, ఒప్పుకుంటాను. మిగతా సగం లిఫ్టు మోత, పక్కపక్క గదులు. నంబరు తెలిస్తేనే అవి తేలతాయి.

అలిపిరి: హిల్టన్ 2014లోనే తన సభ్యులకి పటం మీద గది ఎంచుకోనిచ్చింది. బుకింగప్పుడు కాదు, ముందు రోజు ఆన్‌లైన్ చెకిన్ చేసేటప్పుడు. అప్పటికి చాలావరకు సర్దుబాట్లు అయిపోయి ఉంటాయి, చిల్లులూ తక్కువే.

వాల్తేరు: అయితే బుకింగ్‌లో సీ వ్యూ, సైడ్ వ్యూ, సందు వైపు అని మూడు రకాలు పెడతాను. పటం మీద ఆ భాగం వెలుగుతుంది, అంతే. 'లిఫ్టుకి దూరంగా', 'పక్కపక్క గదులు' అని రెండు టిక్కులు. నంబరు ముందు రోజు సాయంత్రం 6 తర్వాత పట్టుకోవచ్చు.

ఫ్రంట్‌ఆఫీసు: సాయంత్రం 6 తొందర. వచ్చే రోజు పొద్దున 9 చెయ్యండి. రాత్రి గీజరు పోయిన గదేదో అప్పటికి మాకు తెలుస్తుంది.

గోదారి: 9కి జనం రైలు దిగి ఆటోలో ఉంటారు. ముందు రోజే ఉండాలి. పాడైన గది మార్చాల్సొస్తే అదే రకం లేదా పై రకం మాత్రమే ఇస్తామని ఆ పేజీలోనే రాయండి.

ఫ్రంట్‌ఆఫీసు: రాయండి. నేను సంతకం పెడతాను. కానీ 9.

సన్నజాజి: లిఫ్టు ఎక్కడ పెట్టారు?

వాల్తేరు: నడవ కొసన, వరసల మధ్య. గడి 49 ఉంది.