జనవరి ఇంటేక్‌లో అమెరికా ఎంఎస్‌కి వెళ్లినవాళ్లు ఉన్నారా? తమ్ముడి కోసం అడుగుతున్నా

గోదారి_గట్టు:
తమ్ముడిది బీటెక్ సీఎస్ఈ, కాకినాడ జేఎన్‌టీయూ కింద కాలేజీ. ఒక్క సబ్జెక్టు ఉండిపోయి, ఈమధ్యే సప్లీలో గట్టెక్కాడు. ఈలోపు ఫాల్ (ఆగస్టు ఇంటేక్) దాటిపోయింది. ఇప్పుడు స్ప్రింగ్‌కి, అంటే జనవరికి అప్లై చేయించాలా, ఆగి వచ్చే ఆగస్టుకి నింపాదిగా చూసుకోవాలా? కన్సల్టెన్సీ వాళ్లేమో "స్ప్రింగ్‌కి పోటీ తక్కువండీ, సీటు గ్యారంటీ" అంటున్నారు. ఆ గ్యారంటీ మాట వినగానే నాకు అనుమానం మొదలైంది.

డెంటన్_ఎండ:
అక్కా, నేను టెక్సాస్‌కి జనవరిలోనే వచ్చాను. పోటీ తక్కువే, కానీ తీసుకునే డిపార్ట్‌మెంట్లూ తక్కువే. స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్‌లలో సీఎస్ మాస్టర్స్‌కి ఫాల్ ఒక్కటే దారి. యూటీ డాలస్, నార్త్ టెక్సాస్, సెంట్రల్ మిస్సోరీ లాంటివి జనవరిలోనూ తీసుకుంటాయి. యూనివర్సిటీ వెబ్‌సైట్ మొదటి పేజీ చూసి ఆగిపోవద్దు, మీవాడికి కావలసిన ప్రోగ్రాం పేజీలోనే "స్ప్రింగ్" అని ఉందో లేదో చూడండి. చాలాచోట్ల గడువు సెప్టెంబర్, అక్టోబర్‌లతో అయిపోతుంది. టీఏ, ఆర్ఏ (ప్రొఫెసర్లకి పాఠాల్లో, రీసెర్చ్‌లో సాయం చేసే జీతం పనులు) పోస్టులు ఎక్కువగా ఆగస్టులోనే నిండిపోతాయి, మొదటి సెమిస్టర్‌లో వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

అసలు లెక్క ఇంటర్న్‌షిప్ దగ్గర తేలుతుంది. బయట కంపెనీలో సీపీటీ (చదువులో భాగంగా పని చేయడానికి ఇచ్చే అనుమతి) మీద పని చేయాలంటే మామూలుగా ఒక అకడమిక్ ఇయర్ పూర్తిగా చదివి ఉండాలి. ఆగస్టులో దిగినవాడికి మే నాటికి రెండు సెమిస్టర్లు అయిపోతాయి, మొదటి సమ్మర్‌కే ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిపోతాడు. జనవరిలో దిగినవాడికి అప్పటికి అయ్యేది ఒకటే. కాబట్టి ఆ సమ్మర్ క్యాంపస్‌లో ఏదో ఒక పని చూసుకుని, రెండో సమ్మర్ దాకా ఆగాలి. ఇందులో లాభమూ లేకపోలేదు. పెద్ద కంపెనీలు సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లకి ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే అప్లికేషన్లు తెరుస్తాయి. ఫాల్‌వాడు ఫ్లైట్ దిగీ దిగకుండానే రెజ్యూమెలు పంపాలి. మనకి అప్పటికి గ్రేడ్లు, ఒకటో రెండో ప్రాజెక్టులు చేతిలో ఉంటాయి. ఇంటర్న్‌షిప్ అయ్యాక ఒక్క సెమిస్టరే మిగులుతుంది, డిసెంబర్‌లో డిగ్రీ.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఫీజు కలిసొస్తుందని మూడు సెమిస్టర్లలో ముగించేద్దామనుకుంటే లెక్క తిరగబడుతుంది. జనవరి, ఆగస్టు, మళ్లీ జనవరి, మేలో డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌కి సమ్మరే దొరకదు.

ఓరుగల్లు_పిల్ల:
నాది వేరే కథ అక్కా. 2025 ఫాల్ అడ్మిట్ చేతిలనే ఉండె. మే 27న కొత్త స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూలు ఇచ్చుడు ఆపిన్రు, జూన్ 18 నాడు మళ్లీ మొదలుపెడ్తమన్నరు, సోషల్ మీడియా అకౌంట్లన్నీ పబ్లిక్ చేసుకోమన్నరు. అర్ధరాత్రి దాకా పోర్టల్ ముందల కూసున్నా స్లాట్ దొరకలే. ఇగ స్ప్రింగ్‌కు డిఫర్ చేస్కున్న, అంటే అడ్మిషన్ వాయిదా ఏస్కున్న. యూనివర్సిటీ అదే అయితే కొత్త తేదీతోని ఐ-20 (వీసాకు కావాల్సిన యూనివర్సిటీ కాయితం) ఇస్తరు, దాని మీదుండే సెవిస్ నంబర్ (ఫారిన్ స్టూడెంట్ల రికార్డు నంబర్) మారకపోతే ఆ 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్ల కట్టే పని లేదు. యూనివర్సిటీ మారితే నంబర్ మారుతది, అప్పుడు కట్టిన ఫీజును కొత్త నంబర్‌కు మార్పియ్యమని అడగొచ్చు. స్కాలర్‌షిప్ సంగతి మాత్రం ముందుగాల్నే మెయిల్‌ల రాయించుకోండ్రి. అడ్మిషన్ డిఫర్ అయితది గని స్కాలర్‌షిప్ కాదని నాకు ఆఖర్ల చెప్పిన్రు.

నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌ల వీసా ఆఫీసర్ అడిగిన మొదటి ప్రశ్న, "డిగ్రీ అయినంక ఇన్ని రోజులు ఏం చేసినవ్?" అని. మీ తమ్మునికి గూడ అదే రావచ్చు. సప్లీ రాసిన అని సీదా చెప్తే సరిపోతది. నేర్పిచ్చిన జవాబు ఒప్పజెప్తే వాళ్లకు వెంటనే ఎర్కైతది.

గుంటూరు_పెదనాన్న:
అమ్మా, పిల్లల లెక్కలు వాళ్లు చెప్పారు, లోన్ సంగతి నేను చెప్తా. ఐ-20 రావాలంటే మొదటి ఏడాది ఖర్చుకి డబ్బు చూపించాలి. ప్రభుత్వ బ్యాంకులో ఆస్తి తనఖా పెట్టి తీసుకుంటే వడ్డీ తక్కువే, కానీ కాగితాల పని తెమలదు. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, వాల్యుయేషను, లాయర్ ఒపీనియను... వీటి మధ్యలోనే దసరా, దీపావళి సెలవులు వచ్చిపడతాయి. మేం చూపించిన ప్లాటు పంచాయతీ లేఔట్‌లో ఉంది, అప్రూవల్ లేదని పక్కన పెట్టేశారు. చివరికి మా బావమరిది ఇంటి కాగితాలు పెట్టాం. మీరు అప్లికేషన్ పంపిన రోజే బ్యాంకుకి కూడా వెళ్లండి, అడ్మిట్ వచ్చాక చూద్దామనుకోవద్దు.

బఫెలో_బాబాయ్:
ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే అమెరికాలో అడుగు పెట్టనిస్తారు. అంటే డిసెంబర్ చివర్లో, క్రిస్మస్ రద్దీలో టికెట్. ఢిల్లీ మీదుగా మాత్రం వద్దు. ఆ రోజుల్లో పొగమంచుకి ఫ్లైట్లు గంటల తరబడి ఆగిపోతాయి, కనెక్షన్ పోతే పెట్టెలు ఒక దేశంలో, పిల్లాడు ఇంకో దేశంలో. శంషాబాద్ నుంచి దోహా, దుబాయ్ మీదుగా చూసుకోండి. మా బఫెలో (న్యూయార్క్ రాష్ట్రం) వైపు వచ్చేట్టయితే లోపల వేసుకునే థర్మల్స్ అక్కడ కొనండి, పైన జాకెట్, బూట్లు ఇక్కడ కొనుక్కోవాలి. మన ఊళ్లో టిబెటన్లు అమ్మే స్వెటర్ ఇక్కడి గాలికి ఆగదు.

గది విషయంలో జనవరి వాళ్లకి కాస్త కలిసొస్తుంది. డిసెంబర్‌లో డిగ్రీ అయినవాళ్లు ఖాళీ చేస్తారు, మంచం కుర్చీలు కూడా వదిలేసి పోతారు. లీజ్ ఎప్పటిదాకా ఉందో అడిగి, వీడియో కాల్‌లో గది చూసి, అప్పుడు డిపాజిట్ పంపండి.

గోదారి_గట్టు:
అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇంట్లో మాట్లాడుకున్నాం. స్ప్రింగ్ ఉన్న ప్రోగ్రాంలు మాత్రమే ఏరి రెండు మూడింటికి పంపిస్తాం, అవి రాకపోతే ఫాల్‌కే వెళ్తాడు. డెంటన్ తమ్ముడూ, సప్లీ పాసయిన మెమో వచ్చింది కానీ పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) ఇంకా రాలేదు. ఆగాలా?

డెంటన్_ఎండ:
అప్లికేషన్‌కి ఆగక్కర్లేదు అక్కా. ఇప్పటిదాకా ఉన్న మెమోలన్నీ అప్‌లోడ్ చేసేయండి, చాలామంది అలాగే చేస్తారు. కానీ పీసీ, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపి ఇచ్చే మెమో) కోసం కాలేజీలో ఇవాళే అర్జీ పెట్టించండి. అక్కడ చేరాక ఒరిజినల్స్ చూపించకపోతే రెండో సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కి హోల్డ్ పెడతారు.

ఓరుగల్లు_పిల్ల:
కాలేజీల ఫీజు బాకీ ఉంటే పీసీ ఇయ్యరు అక్కా, నో డ్యూస్ ముందు చూస్కోండ్రి.