హోండా సీటీ90: ట్రైల్ బండా, గరుకు టైర్ల మోపెడ్డా?

కిక్‌రాడ్: క్లచ్ లివరే లేని ఈ సీటీ90ని ట్రైల్ బైక్, అంటే కొండల్లో మట్టిదారుల్లో తోలే బండి అని మురిసిపోతుంటే నవ్వొస్తోంది. 1968లో యమహా డీటీ-1 వచ్చింది, 246 సీసీ, అదీ ట్రైల్ బండంటే. ఈ సీటీ90 హోండా వాళ్ళ చిన్న రోడ్డు బండి సూపర్ కబ్‌కి వేషం వేసిందే కదా.

మెల్‌బోర్న్_మామ: వేషమే, ఎవరు కాదన్నారు? అమెరికాలో ఐడహో డీలర్ ఒకాయన హోండా 50కి (అక్కడ సూపర్ కబ్ పేరు అదే) వెనక పెద్ద స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం), గుబ్బల టైర్లు వేసి కొండల్లో తిరిగేవాళ్ళకి అమ్మాడు. అది చూసే హోండా 1961లో ట్రైల్ 50 దించింది, సీటీ90 వచ్చేసరికి 1966. మొదట్లో బండి దిగి, చైన్‌ని చేత్తో పెద్ద స్ప్రాకెట్ మీదికి మార్చుకోవాల్సి వచ్చేది. తర్వాత ఇంజన్ కింద చిన్న లివర్ పెట్టారు, అది తిప్పితే నాలుగు గేర్లూ దాదాపు సగం వేగానికి దిగుతాయి. ఏ మోపెడ్‌కుందండీ ఇది?

టీకొట్టు: పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

కిక్‌రాడ్: లివర్ గురించి నాకా చెప్తున్నారు! నేను కొన్నదానికి అదే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అమ్మినాయన "అంతా ఒరిజినల్ బ్రదర్" అన్నాడు, తుప్పు కూడా ఒరిజినలే. నెలరోజులు రాత్రిళ్ళు డీజిల్ పోస్తూ కూర్చున్నా. అయినా నేనడిగింది క్లచ్ సంగతి. ఎత్తు మీద ఇంజన్ రేజ్ చేసి ఒక్కసారిగా వదలాలంటే ఎలా?

మెల్‌బోర్న్_మామ: గేర్ పెడల్ తొక్కి పట్టుకోండి, క్లచ్ విడిపోతుంది. రేజ్ చేసి కాలు తీయండి. బండి కొని ఇది కూడా తెలుసుకోలేదా?

రెండోగేరు: మా బావ ఇక్కడ ఆస్ట్రేలియాలో పోస్ట్‌మ్యాన్లు వాడి వదిలేసిన సీటీ110 (సీటీ90 తర్వాతి బండి) కొన్నాడు. రెండు వైపులా సైడ్ స్టాండ్లున్నాయి గానీ, లో రేంజ్, అంటే మామ చెప్పిన ఆ వేగం తగ్గించే లివర్, మాత్రం లేదు.

కిక్‌రాడ్: తెలుసుకోలేదా అంటారేంటి మామా, మీరు మట్టిలో ఎన్నిసార్లు తోలారు? ఫొటోలు చూశాగా, గ్యారేజీలో మూడు బండ్లు, మూడింటికీ దుప్పట్లు. మీలాంటివాళ్ళు కొని దాచుకోబట్టే నాకు ఆ తుక్కుబండి దొరికింది.

మెల్‌బోర్న్_మామ: విరగ్గొట్టుకోడానికి కాదు కొన్నది. 50 ఏళ్ళ పైబడిన బండ్లు, దాచేవాడు లేకపోతే నీకు ఫొటో కూడా మిగలదు.

కిక్‌రాడ్: ఫొటో ఎవడిక్కావాలి.

టీకొట్టు: ఇంతకీ లివర్ ఊడిందా?

కిక్‌రాడ్: ఊడింది. రెండు ముక్కలుగా.

మెల్‌బోర్న్_మామ: నా దగ్గర ఒకటి స్పేర్ ఉంది. అమ్మను.