బోర్డు లేకుండా జెఫిర్ యాప్: నేటివ్ సిమ్ చాలా, చాలదా?

పటమట_సర్క్యూట్: గుంటూరులో ఆర్టీఓఎస్ (రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్) ల్యాబ్, నేర్పేది జెఫిర్ అనే ఆర్టీఓఎస్. పాతిక మంది పిల్లలు, ఐదు బోర్డులు, ల్యాప్‌టాప్‌లన్నింట్లో ఉబుంటు. జెఫిర్ యాప్‌లు బోర్డు లేకుండా ల్యాప్‌టాప్ మీదే నేటివ్ సిమ్‌తో నడిపించేస్తే సరిపోతుందా?

బ్రోడీపేట_బిట్: నిక్షేపంగా. "వెస్ట్ బిల్డ్ -బి నేటివ్_సిమ్", తర్వాత "వెస్ట్ బిల్డ్ -టి రన్". బిల్డ్ 32 బిట్ లైబ్రరీల దగ్గర ఆగిపోతే జీసీసీ-మల్టీలిబ్ ఎక్కించండి, లేదా టార్గెట్‌ని నేటివ్_సిమ్/నేటివ్/64 చేయండి. యాప్ మామూలు లినక్స్ ప్రోగ్రామ్ అయిపోతుంది కాబట్టి జీడీబీ, వాల్‌గ్రైండ్ లాంటి డీబగ్ టూల్స్ నేరుగా పనిచేస్తాయి. కాన్ఫిగ్_అసాన్=వై (మెమరీ తప్పులు పట్టే ఆప్షన్) పెడితే అర్రే హద్దు దాటిన లైను నంబరుతో సహా చెబుతుంది. బోర్డు మీద అదే తప్పుకి ఏ హార్డ్‌ఫాల్టో (ప్రాసెసర్ ఎత్తిచూపే లోపం) వచ్చి రిజిస్టర్ల విలువలు చూసుకుంటూ కూర్చోవాలి.

కృష్ణలంక_కెర్నల్: దొరికేవి చెప్పారు, దొరకనివి చెప్పరేం? నేటివ్ సిమ్‌లో కోడ్ నడవడానికి సమయమే పట్టదు. థ్రెడ్లన్నీ నిద్రపోతేనో, కే_బిజీ_వెయిట్ (కాసేపు ఖాళీగా ఆగే ఫంక్షన్) పిలిస్తేనో తప్ప గడియారం కదలదు. "వైల్ (!ఫ్లాగ్);" అని రాసి ఇంటరప్ట్ కోసం ఎదురుచూస్తే అది రాదు, అక్కడే బిగుసుకుపోతుంది. మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం) లేకుండా రెండు థ్రెడ్లు ఒకే కౌంటర్‌ని పెంచుతున్నా లెక్క సరిగ్గానే వస్తుంది, తప్పు బయటపడదు. థ్రెడ్‌కి 256 బైట్ల స్టాక్ (దాని సొంత మెమరీ) ఇచ్చి లోపల పెద్ద బఫర్ పెట్టినా నడిచిపోతుంది, అక్కడ వాడేది లినక్స్ ఇచ్చే పీథ్రెడ్ స్టాక్ గనుక.

బ్రోడీపేట_బిట్: ఖాళీ వైల్ లూప్ రాయడమే తప్పండీ, బ్యాటరీ తినేస్తుంది. థ్రెడ్‌ని నిద్రలో ఉంచి ఎదురుచూపించే సెమాఫోర్ ఎందుకుంది? ఇక రేస్ (రెండు థ్రెడ్లు ఒకే డేటా మీద ఢీకొనే తప్పు) చూపించాలంటే కౌంటర్ చదివాక, తిరిగి రాసేలోపు కే_బిజీ_వెయిట్ పెట్టండి. ప్రాధాన్యం ఎక్కువున్న థ్రెడ్ మధ్యలో దూరుతుంది.

కృష్ణలంక_కెర్నల్: రేస్ ఎక్కడుందో ముందే తెలిసినవాడు పెడతాడు. తెలియని పిల్లాడి సంగతి?

మంగళగిరి_99: చిప్పునే అనుకరించే క్యూఎమ్యూ ఉండగా ఈ గొడవేంటి గురూ

ఉండవల్లి_యూఆర్ట్: ఉంది, దాని తిప్పలు దానికున్నాయి. క్యూఎమ్యూ_కార్టెక్స్_ఎం3 అంటే ఎల్‌ఎం3ఎస్6965 చిప్పు: 256 కేబీ ఫ్లాష్, 64 కేబీ ర్యామ్. నడిచేది ఆర్మ్ కోడే, స్టాక్ మీరిచ్చినంతే. కానీ డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాల్లో) ఎల్ఈడీ0 లేదు, బ్లింకీ (ఎల్ఈడీ వెలిగించి ఆర్పే శాంపిల్) బిల్డ్ దగ్గరే పడిపోతుంది. హలో వరల్డ్, సింక్రొనైజేషన్ శాంపిళ్లతో మొదలుపెట్టండి. బయటికి రావడానికి కంట్రోల్-ఏ నొక్కి వదిలి ఎక్స్ (పిల్లలు టెర్మినలే మూసేస్తుంటారు). మైక్రోసెకన్లు మాత్రం అక్కడ కొలవొద్దు, ఫ్లాష్ మెమరీ చదవడానికి ప్రాసెసర్ ఆగే వెయిట్ స్టేట్లు లెక్కలోకి రావు.

ఎస్‌టీఎం32ఎఫ్4 డిస్కవరీ లాంటి బోర్డు కావాలంటే రెనోడ్ అనే ఇంకో సిమ్యులేటర్. మోడల్ లేని రిజిస్టర్ చదివితే సున్నా వస్తుంది, లాగ్‌లో హెచ్చరిక పడుతుంది. "క్లాక్ రెడీ" బిట్ కోసం చూసే లూప్ అక్కడే తిరుగుతుంటే రెప్ల్ (రెనోడ్ బోర్డు వివరణ) ఫైల్లో ఆ చిరునామాకి ట్యాగ్ పెట్టి విలువ ఇవ్వండి.

కృష్ణలంక_కెర్నల్: అంటే మోడల్ అబద్ధం చెప్పకపోతే మనమే చెప్పించాలన్నమాట. బాగుంది.

బ్రోడీపేట_బిట్: మీకు ఏదీ నచ్చదు. ఐదు బోర్డుల ముందు పాతిక మందిని క్యూలో నిలబెడితే నేర్చుకునేదేంటి, ఓపికా?

కృష్ణలంక_కెర్నల్: ఐదు బోర్డులు బీరువాలో పెట్టి తాళం వేస్తారు, అదీ నా బాధ. టెర్మినల్ స్క్రీన్‌షాట్ రికార్డులో అతికిస్తారు, మార్కులు పడతాయి. సిమ్యులేటర్ వాడుకోండి, కాదన్నదెవరు? దాని మీద పరీక్ష పెట్టి "పాస్" అనకండి.

బ్రోడీపేట_బిట్: ఈ ముక్క మొదటే అంటే ఇంత దూరం వచ్చేది కాదు. ల్యాబ్‌లో ఎలా నేర్పాలన్న దాని గురించి నేను మాట్లాడుతున్నాను, మార్కులెలా వేయాలన్న దాని గురించి మీరు.

పటమట_సర్క్యూట్: సరే, మెసేజ్ క్యూలు, సెమాఫోర్లు, టైమర్లు నేటివ్ సిమ్‌లో. స్టాక్ లెక్కలు క్యూఎమ్యూలో. జీపీఐఓ ఇంటరప్ట్, ఐ2సీ సెన్సార్ బోర్డు మీద, ఒక్కో బోర్డుకి ఐదుగురు. ఫైనల్ పరీక్ష?

కృష్ణలంక_కెర్నల్: బోర్డు మీదే. కాన్ఫిగ్_థ్రెడ్_ఎనలైజర్=వై పెట్టించి, ఏ థ్రెడ్ ఎంత స్టాక్ తిన్నదో పిల్లాడి చేతే చెప్పించండి.

బ్రోడీపేట_బిట్: ముందు వాడి కోడ్ నేటివ్ సిమ్ మీద ట్విస్టర్‌లో (జెఫిర్ టెస్టులు నడిపే టూల్) పాసైతేనే బోర్డు చేతికివ్వండి. నా మాట అంతే.

కృష్ణలంక_కెర్నల్: ఆ షరతుకి మాత్రం నేను ఒప్పుకోను.